వదిలి వెళ్ళిన సామాను – మన మీద పడిన అమానతు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సభలో మమ్మల్ని కూడా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. విద్య గురించో, వరకట్నం గురించో చెబుతామని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి చెప్పే పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మేము చెప్పదలచినది వినడానికి చాలా చిన్న విషయం. అద్దెకున్న మనిషిని ఖాళీ చేయించిన తరువాత, అతను తీసుకుపోకుండా మిగిలిపోయిన సామానును ఏం చేయాలి? ఇంతే సంగతి.

ఇదేమి విషయమండీ అని నవ్వకండి. మనలో సొంత ఇల్లు ఉండి ఒక గది అద్దెకిచ్చిన వాళ్ళున్నారు. ఆ అద్దె మీదనే బ్రతికే వితంతువులున్నారు. అంతకంటే ఎక్కువమంది అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళున్నారు. మన సంఘానికే గదులున్నాయి, ఆ గదుల అద్దెతోనే పిల్లల ఫీజులు కడుతున్నాము. కాబట్టి ఇది ఇటు వాళ్ళకూ, అటు వాళ్ళకూ పనికివచ్చే సంగతే. పైగా ఈ విషయంలో ఒకసారి తప్పు చేసినవాళ్ళము మేమే. 1986 నాటి కార్యవర్గంలో ఇప్పుడు మిగిలినవాళ్ళం ముగ్గురమే. మేము కూడా పోయేలోగా ఆ సంగతి మా నోటితో చెప్పి, ఈ సంచికలో అచ్చు వేయించాలని కోరిక.

అప్పుడు మన గదుల్లో ఒకదానిలో ఒక దర్జీ ఉండేవాడు. పిల్లలు దర్జీ చాచా అని పిలిచేవారు. ముందు భాగంలో కుట్టుపని, వెనుక భాగంలో కాపురం. అద్దె నెలకు 90 రూపాయలు. భార్యకు జబ్బు చేసి ఆస్పత్రుల పాలయినందువలన 14 నెలలు అద్దె ఇవ్వలేకపోయాడు. 1,260 రూపాయలు బాకీ పడింది. మేము రెండుసార్లు కబురు పెట్టాము, ఆయన సిగ్గుపడి మా ముఖం తప్పించుకు తిరిగాడు. చివరకు కోర్టులో వేశాము. ఆయన కోర్టుకు రాలేదు. 1960 నాటి మన రాష్ట్రపు అద్దె చట్టంలో ఒక మంచి మాట ఉండేది: అద్దె ఎగవేత కావాలని చేసినది కాదని కోర్టుకు తోస్తే, బాకీ కట్టుకోవడానికి 15 రోజులకు మించకుండా గడువు ఇవ్వవచ్చు. ఆయన హాజరై భార్య జబ్బు సంగతి చెప్పుకుని ఉంటే, ఆ గడువులో నలుగురం తలా కొంత వేసుకుని కట్టేవాళ్ళమేమో. రాలేదు కాబట్టి ఏకపక్షంగా ఆర్డరు అయ్యింది.

1986 జూలై ఆఖరులో కోర్టు అమీనా వారంటు తీసుకుని వచ్చాడు. అంతకు ముందు రాత్రే దర్జీ భార్యను, పిల్లలను తీసుకుని అత్తవారి ఊరికి వెళ్ళిపోయాడు. తలుపుకు తాళం ఉంది. అమీనా తాళం పగలగొట్టి, గదిని మాకు స్వాధీనం చేసి, కాగితం మీద ‘పాత సామాను కొంత’ అని ఒక్క వరుస రాసి, మా సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క వరుస చూసి మాకు అప్పుడు ఏమీ అనిపించలేదు.

లోపల ఏమున్నదంటే: ఒక కాలి కుట్టుమిషను, ఒక కత్తెర, ఇస్త్రీపెట్టె, రెండు చెక్క బల్లలు, వంట గిన్నెలు, పరుపులు, ఒక రేకుపెట్టె. వీటితోపాటు బక్రీదు దగ్గర పడుతున్న రోజులు కాబట్టి, జనం కుట్టడానికి ఇచ్చిన బట్టలు ఒక మూట. కొన్ని కత్తిరించినవి, కొన్ని ఇంకా కత్తిరించనివి.

గది వెంటనే ఇంకొకరికి ఇవ్వాలని తొందర. సామానంతా వరండాలో పెట్టించి పైన ఒక టార్పాలిన్ కప్పించాము. మిషను మాత్రం ఒక పాత సామాన్ల వ్యాపారికి 450 రూపాయలకు అమ్మి, ఆ డబ్బు దర్జీ అద్దె బాకీ కింద జమ వేశాము. దొంగతనం చేశామన్న ఆలోచన మాలో ఎవరికీ లేదు. మినిట్సులో రాశాము, రసీదు పెట్టాము, లెక్క సరిగ్గా ఉంది. లెక్క సరిగ్గా ఉంటే న్యాయం కూడా సరిగ్గా ఉన్నట్లే అనుకున్నాము.

ఆ ఆగస్టు మీలో పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. గోదావరికి ఎన్నడూ ఎరుగని వరద వచ్చిన నెల అది. మన దగ్గర కూడా ముసురు వదలలేదు. టార్పాలిన్ గాలికి లేచిపోయింది. రెండు రోజులు ఎవరమూ చూసుకోలేదు.

ఆగస్టు చివర దర్జీ వచ్చాడు. గొడవ పడతాడనుకున్నాము, పడలేదు. మేము మిషను సంగతి ఎత్తబోతే, “మిషను సంగతి తర్వాత భాయీ, రేకుపెట్టె ఏది?” అన్నాడు. పెట్టె తెచ్చి ఇచ్చాము. మూత తీశాడు. అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. నిఖానామా, రేషను కార్డు, ఆస్పత్రి చీటీలు, కూతురి పదవ తరగతి మార్కుల కాగితం, టి.సి. అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయి ఉన్నాయి. ఆ అమ్మాయి ఆ ఏడాదే పదవ తరగతి ప్యాసయింది. నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూ వచ్చింది, అసలు కాగితాలు తెమ్మన్నారు. గడువు పది రోజులు. నకళ్ళకు అర్జీలు పెట్టించాము, మాలో ఒకరు స్వయంగా తిరిగారు. నకళ్ళు చేతికి వచ్చేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ పిల్లకు ఒక సంవత్సరం పోయింది.

మీరు ఒక్కసారి ఆలోచించండి. పేదపిల్లల చదువుల కోసమే పెట్టుకున్న సంఘం ఇది. ఆ అద్దె వసూలు చేసినది కూడా ఆ పని కోసమే. అటువంటి సంఘం వరండాలోనే ఒక పేదపిల్ల చదువు కాగితాలు తడిసి ముద్దయిపోయాయి.

ఇంకొకటి కూడా జరిగింది. బట్టలు ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మా దగ్గరకు రాసాగారు. “మేము దర్జీకి ఇచ్చాము, మీకు ఇవ్వలేదు, మా గుడ్డ ఏమైంది?” అని అడిగారు. మాకు జవాబు లేదు. వాళ్ళు మా కిరాయిదారులు కారు, మాకు ఒక్క పైసా బాకీ లేరు. వాళ్ళ పండుగ బట్టలు మా మూలంగా నాని పాడయ్యాయి.

అప్పుడు మేము ఒక పెద్ద వకీలుగారి దగ్గరకు వెళ్ళాము. ఆయన మా ప్లీడరు కాదు, పరిచయస్థుడు. అంతా విని, చట్టం పుస్తకం తీసి చూపించాడు. ఆయన చెప్పినవి, తరువాత మేము అడిగి తెలుసుకున్నవి కలిపి మీకు మనవి చేస్తున్నాము.

మొదటిది. కోర్టు మనకు ఇచ్చింది గది స్వాధీనం. గదిలోని సామాను మీద హక్కు ఇవ్వలేదు. ఈ రెండూ వేరు. ఆ అద్దె బాకీ కోసం సామాను జప్తు చేయాలంటే దానికి వేరే డిక్రీ, వేరే పద్ధతి ఉంది. అక్కడ కూడా సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను కొన్ని వస్తువులను ముట్టుకోరాదని చెబుతుంది: బాకీదారుకు, భార్యాబిడ్డలకు అవసరమైన కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు, మత ఆచారం ప్రకారం స్త్రీ ఒంటిమీద నుండి తీయరాని నగలు, చేతిపనివాడి పనిముట్లు. చేతిపనివాడి పనిముట్లంటే ఏమిటండీ? దర్జీకి కుట్టుమిషనే గదా! కోర్టు కూడా జప్తు చేయలేని వస్తువును మేము మినిట్సులో రాసుకుని అమ్మేశాము.

రెండవది. పరుల వస్తువు మన చేతికి వచ్చి, దాన్ని మన అధీనంలో పెట్టుకున్నామంటే దానికి కాపలాదారులం అవుతాము. దొరికిన వస్తువును తన దగ్గర పెట్టుకున్నవాడి బాధ్యత, దాచమని అప్పగించబడినవాడి బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను అంటుంది. ఎంత జాగ్రత్త తీసుకోవాలో 151వ సెక్షను చెబుతుంది: మామూలు వివేకం గల మనిషి అటువంటి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత. మా పిల్లల సర్టిఫికెట్లను మేము వరండాలో పెట్టుకుంటామా?

మూడవది. పరుల వస్తువును దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే అది నేరం. ఆనాడు భారత శిక్షాస్మృతిలో 403వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షను.

నాలుగవది. అమీనా తాళం పగలగొట్టే సందర్భంలో కూడా ఒక మర్యాద ఉంది. ముందుగా తగిన హెచ్చరిక చేయాలి. ఆచారం ప్రకారం బయటికి రాని స్త్రీలు లోపల ఉంటే, వాళ్ళు తప్పుకుని పోవడానికి వీలు కల్పించాలి. ఇది సివిల్ ప్రొసీజర్ కోడు 21వ ఆర్డరు 35వ రూలులో రాసి ఉన్న మాట. గోషా ఉన్న ఇళ్ళకు దీని విలువ చెప్పనక్కరలేదు.

ఐదవది. కోర్టు ఆర్డరు లేకుండా మనంతట మనమే తాళం మీద తాళం వేసి సామాను బయట పడేయడం అసలే కూడదు. అలా వెళ్ళగొట్టబడిన మనిషి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల లోపల దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చు. ఉండే హక్కు తీరిపోయినవాడినైనా చట్టప్రకారమే ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 1989లో కృష్ణరాం మహాలే కేసులో స్పష్టం చేసింది.

చట్టం అలా ఉంచండి. మా మజీదు మౌల్వీ సాబ్ ఒక మాట అడిగారు, అది మాకు చట్టం కంటే ఎక్కువ తగిలింది. “దారిలో దొరికిన, ఎవరిదో తెలియని వస్తువునే ఒక సంవత్సరం పాటు చాటించమని హదీసులో ఉంది. ఎవరిదో తెలిసిన వస్తువుకు మీరు ఎన్ని రోజులు ఆగారు?” అన్నారు. మేము తొమ్మిది రోజులు ఆగాము. హిజ్రత్ నాటి సంగతి మీకు తెలిసినదే. ప్రవక్త (స) మక్కా విడిచి వెళ్ళేటప్పుడు తన దగ్గర దాచుకున్నవారి సొమ్ము ఎవరిది వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీని వెనుక ఉంచారు. ప్రాణానికి ముప్పు ఉన్న రాత్రి కూడా పరుల సామాను మరువలేదు. మేము ఏ ముప్పూ లేని పగటిపూట మరిచాము.

ఇక ఏం చేశామంటే, ఆ వ్యాపారి దగ్గర నుండి మిషను 600 రూపాయలకు తిరిగి కొన్నాము. సంఘం డబ్బు కాదు, కార్యవర్గం వాళ్ళం సొంతంగా వేసుకున్నాము. బట్టలు పోయినవాళ్ళకు గుడ్డ కొనిచ్చాము. అమ్మాయి మరుసటి ఏడాది ట్రైనింగులో చేరింది. దర్జీ మిషను తీసుకుని వేరే పేటలో కొట్టు పెట్టుకున్నాడు. అయితే రెండేళ్ళపాటు ఆయన మాతో మాట్లాడలేదు. ఈద్‌గాలో ఎదురుపడినా తల తిప్పుకునేవాడు. దానికి మేము ఆయనను తప్పు పట్టలేదు.

ఆ తరువాత సంఘం ఒక తీర్మానం చేసి పద్ధతి ఏర్పాటు చేసుకుంది. ఇన్నేళ్ళుగా అది నడుస్తున్నది. ఇళ్ళు అద్దెకిచ్చే మీకందరికీ పనికివస్తుందని వివరంగా చెబుతున్నాము.

ఒకటి, ఖాళీ చేయించే తేదీ ముందుగా చెప్పాలి. బండి కావాలంటే బండి మాట్లాడి పెట్టాలి. బండి కిరాయి మనకు నష్టం కాదు, సామాను మన మీద పడితే దాని ఖర్చు అంతకంటే ఎక్కువ.

రెండు, సామాను మిగిలిపోతే ముట్టుకునే ముందే జాబితా రాయాలి. ‘పాత సామాను కొంత’ అని ఒక్క వరుస కాదు. కిరాయిదారు తరఫున తెలిసిన మనిషి ఒకరు, పొరుగువారు ఒకరు సాక్షులుగా ఉండాలి. అమీనా వచ్చిన చోట ఆయన కాగితంలో కూడా వివరంగా రాయమని అడగాలి. ఆడవాళ్ళ బీరువా, పెట్టె ఆడవాళ్ళ చేతనే తెరిపించాలి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ప్రతి వస్తువుకూ ఫోటో తీయండి.

మూడు, వస్తువులను వేరు చేయాలి. కాగితాలు అన్నిటికంటే ముందు. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, సర్టిఫికెట్లు, నిఖానామా, దస్తావేజులు, ఇవన్నీ ఒక కవరులో పెట్టి సీలు వేసి బీరువాలో ఉంచాలి. పాస్‌పోర్టు దొరికితే, అది కిరాయిదారు ఆస్తి కూడా కాదు, కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. దాన్ని బాకీ కోసం పట్టి ఉంచుతామనడం మరీ తప్పు. తరువాత పనిముట్లు. తరువాత బట్టలు, గిన్నెలు, పరుపులు. ఇతరుల వస్తువులని తెలిసినవి విడిగా పెట్టి, వాళ్ళకూ కబురు చేయాలి. దేవుడి పటాలు ఉంటే మనం ముసాఫును ఎంత మర్యాదగా పెడతామో అంత మర్యాదగా గుడ్డ చుట్టి పైన పెట్టాలి. అది వాళ్ళ ఇంటి గౌరవం.

నాలుగు, చెడిపోయే సరుకు ఉంటే సాక్షుల ముందు అమ్మి, డబ్బు అతని పేరున రాయాలి. జంతువులుంటే మేత వేయాలి. 1998లో ఒక గది ఖాళీ అయినప్పుడు ఒక చూలు మేక మిగిలిపోయింది. వాచ్‌మన్ దగ్గర కట్టించాము. అది రెండు పిల్లలను ఈనింది. మేత మేమే వేశాము గదా, పిల్లలు సంఘానివే అన్నారు కొందరు. కాంట్రాక్టు చట్టం 163వ సెక్షనులో సరిగ్గా ఈ ఉదాహరణే ఉంది, మేకకు బదులు ఆవు. అప్పగించిన ఆవు ఈనితే దూడను కూడా కలిపి ఇవ్వాలి. కాబట్టి యజమాని వచ్చినప్పుడు మూడు తలలూ అప్పగించి, మేత ఖర్చు మాత్రం తీసుకున్నాము. అతను నవ్వి, ఒక పిల్లను తనంతట తానే మదరసా పిల్లలకు ఇచ్చి వెళ్ళాడు.

ఐదు, పొడిగా ఉన్న చోట ఇటుకల మీద ఎత్తుగా పెట్టి తాళం వేయాలి. తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి. నెలకొకసారి తెరిచి చూడాలి.

ఆరు, కబురు ఒక్కసారి పంపి ఊరుకోకూడదు. తెలిసిన ఆఖరి చిరునామాకు ఉత్తరం రాయాలి. వెనుక రిజిస్టరు పోస్టు పంపేవాళ్ళం. 2025లో అది స్పీడు పోస్టులో కలిసింది కాబట్టి ఆ రసీదు దాచాలి. అత్తవారి ఊరికి, పనిచేసే చోటికి, ఫోనుకు కూడా కబురు పెట్టాలి. కాగితాలకు, పనిముట్లకు అయితే ఎంత తొందరగా చేర్చగలిగితే అంత తొందరగా మనమే తీసుకువెళ్ళి ఇవ్వాలి. మిగతావి ఒక సంవత్సరం ఉంచుతాము. ఇది చట్టం పెట్టిన గడువు కాదు, మౌల్వీ సాబ్ మాట విన్నాక మేము పెట్టుకున్నది.

ఏడు, ఎంత వెతికినా మనిషి దొరకకపోతే? దొరికిన వస్తువుల విషయంలో కాంట్రాక్టు చట్టం 169వ సెక్షను అమ్మకానికి కొన్ని హద్దులు పెట్టింది: వస్తువు చెడిపోయే ప్రమాదం ఉండాలి, లేదా న్యాయమైన ఖర్చులు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరాలి. అది మన సందర్భానికే రాసినది కాదు గాని, ఎంత ఓపిక పట్టాలో చూపిస్తుంది. విలువైన వస్తువైతే సొంత తెలివి ఉపయోగించకుండా వకీలును అడిగి, కోర్టు అనుమతితో చేయడమే క్షేమం. అమ్మగా వచ్చిన డబ్బులో ఖర్చు పోను మిగిలినది అతని పేరుననే ఉండాలి.

ఎనిమిది, సామానును బాకీకి తాకట్టుగా పట్టకూడదు. అద్దె బాకీ వసూలుకు మూడేళ్ళ వరకు దావా వేసుకునే గడువు ఉంది. ఆ దారి ఆ దారే, ఈ దారి ఈ దారే.

అద్దెకుండే సోదరులకు కూడా రెండు మాటలు. కోర్టు నోటీసు వస్తే దాక్కోకండి, వెళ్ళి నిలబడి మీ కష్టం చెప్పుకోండి. ఇల్లు విడవవలసి వస్తే ముందు కాగితాలు, తరువాత పనిముట్లు, ఆ తరువాతే మంచాలు, బీరువాలు. సామాను వదలక తప్పకపోతే ఇది నాది, ఫలానా తేదీకి వస్తాను అని ఒక చీటీ రాసి, ఫోను నంబరు ఇచ్చి, పొరుగువారికి చెప్పి వెళ్ళండి. పరువు పోతుందని రాత్రికి రాత్రి వెళ్ళిపోతే పరువు మిగలదు, సామానూ మిగలదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాము. రెండేళ్ళ తరువాత, 1988లో, దర్జీ మా ఆఫీసుకు వచ్చాడు. మిగిలిన బాకీ నిమిత్తం నెలకు 30 రూపాయల చొప్పున కడతానన్నాడు. మేము వద్దన్నాము. “మీరు నా మిషను నాకు ఇచ్చారు. మీ అద్దె మీకు ఇవ్వకపోతే ఎలా?” అన్నాడు. 42 నెలలు పట్టింది, మొత్తం 1,260 రూపాయలూ కట్టాడు. ఆఖరు రసీదు మీద ఆయన సంతకం మన పాత ఫైలులో ఇప్పటికీ ఉంది. సామాను పట్టి ఉంచి వసూలు చేయలేని బాకీ, సామాను తిరిగి ఇచ్చిన తరువాత దానంతట అదే వచ్చింది. కాని ఆ అమ్మాయి పోగొట్టుకున్న సంవత్సరానికి మా దగ్గర రసీదు లేదు.

అందువలన ఇకముందు మన గదుల్లో గాని, మీ ఇళ్ళల్లో గాని ఎవరైనా వెళ్ళిపోయి సామాను మిగిలితే, ముందుగా రేకుపెట్టె ఎక్కడుందో చూడండి.  సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్.